స్విఫ్ట్‌లో ఏ ఇంజిన్: ఏళ్లుగా వాడాక తెలిసిన తేడాలు

మారుతి స్విఫ్ట్ కారు కొనేవాళ్లు ముందు చూసేది పీఎస్ అంకె, అంటే ఇంజిన్ పవర్ (హార్స్‌పవర్ లాంటి కొలత). రోజూ తోలేటప్పుడు పనికొచ్చేది మాత్రం టార్క్ (ఇంజిన్ లాగే బలం, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు) ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర అందుతుందన్నది.

ఫియట్ మల్టీజెట్ డిజైన్‌తో వచ్చిన 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్‌కి 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. 2000 ఆర్‌పీఎం దాటితే విజయవాడ హైవే మీద గేర్ మార్చే పనే ఉండదు, లారీని దాటడానికి ఐదో గేరే చాలు. అంతకన్నా కింద టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే పరికరం) లేవదు. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేర్‌లో తొక్కితే బండి ఈడ్చినట్టు కదులుతుంది, మొదటి గేర్‌కి దించాల్సిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో ఇది ఆగిపోయింది కాబట్టి దొరికేది సెకండ్ హ్యాండే. చూడ్డానికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే తాళంలో తిప్పే గొలుసు) సాగి ఉంటే గలగల చప్పుడు మొదటి క్షణాల్లోనే బయటపడుతుంది. ముందే వేడెక్కించి చూపిస్తే అది దాగిపోవచ్చు. హైవే మీద గట్టిగా తోలాక వెంటనే ఆఫ్ చేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజిన్ ఆన్‌లోనే) ఉంచాలి. ఆయిల్ తిరుగుతుంటేనే టర్బో బేరింగ్‌లు చల్లబడతాయి.

నాలుగు సిలిండర్ల 1.2 పెట్రోల్ చాలా నున్నటి ఇంజిన్. ఇందులో 2021లో వచ్చిన డ్యూయల్‌జెట్ రకానికి 90 పీఎస్, 113 న్యూటన్ మీటర్లు. ఊళ్లో రెండో గేర్‌లో 15 వేగం నుంచి కూడా జెర్క్ లేకుండా లాగుతుంది. ఘాట్‌లోనే అసలు పరీక్ష, ఎందుకంటే పూర్తి టార్క్ 4400 ఆర్‌పీఎం దగ్గర గానీ రాదు. ఐదుగురితో, ఏసీ వేసుకుని తిరుమల ఎక్కేటప్పుడు రెండో గేర్‌లో 3000 పైన ఉంచండి. చప్పుడుకి భయపడి మూడో గేర్ వేస్తే ఇంజిన్ కొట్టుకుంటుంది, అదే దానికి అసలు హాని. దిగేటప్పుడూ రెండో గేరే, న్యూట్రల్ వద్దే వద్దు.

2024 మేలో వచ్చిన మూడు సిలిండర్ల ఇంజిన్‌కి 82 పీఎస్, 112 న్యూటన్ మీటర్లు. సిటీలో ఏ లోటూ తెలియదు. నాలుగు వేలు దాటాక పాతదానిలో ఉన్న ఉత్సాహం ఇందులో లేదు, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో సన్నటి వణుకు ఉంటుంది. మైలేజే ముఖ్యమైతే నేను దీన్నే తీసుకోమంటాను.

క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతట అవే మారే ఏఎంటీలో ఉండేది మామూలు క్లచ్ ప్లేటే, కాలి బదులు యంత్రమే నొక్కుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో నిలబెడితే ప్లేట్ కాలుతుంది, బ్రేక్ మీదే ఆపాలి. ఓవర్‌టేక్‌కి ముందే మాన్యువల్ మోడ్‌లో ఒక గేర్ దించుకుంటే గేర్ మారడానికి ఏఎంటీ తీసుకునే ఆ క్షణం ఆలస్యం ఇబ్బంది పెట్టదు.

సీఎన్‌జీలో డిక్కీ చాలావరకు సిలిండర్‌కే పోతుంది. ఘాట్ వస్తే పెట్రోల్‌కి మార్చుకోండి.

మైలేజ్‌కి స్క్రీన్ మీది అంకె నమ్మకండి. ఒకే బంకులో, పంపు దానంతట అది కట్ అయ్యేదాకా పోయించి, మళ్లీ అలాగే నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. అలా లెక్కేస్తే నాలుగు సిలిండర్ల పెట్రోల్ సిటీలో ఏసీతో లీటరుకి 13–15 కిలోమీటర్లు, హైవే మీద 90 వేగంలో 19–20 ఇస్తుంది. 110 దాటించారా, అందులో రెండు తగ్గించుకోండి.