జాగా పేపర్లు చూసే ఆయన మూడు వేలు ఫీజు తీసుకుని పద్దెనిమిది లక్షలు కాపాడినాడు (4 స్టార్లు)

తిరుపతి కొర్లగుంటలో బాడుగకుండి పదకొండేళ్లయింది. ఓనరు ఈ తడవ ఇంకో రెండు వేలు పెంచినాడు, పై పోర్షను యాత్రికులకి రోజు బాడుగకి ఇచ్చుకుంటా ఉండాడు, మేం ఖాళీ చేస్తే కిందదీ అట్లే ఇచ్చేస్తాడని మా ఆవిడ అనుమానం, ఆ అనుమానమేం తప్పు కాదు. అందుకే అప్పో సప్పో చేసి ఒక జాగా కొందామని బయల్దేరినాం. మనూర్లో జాగా కథ అందరికీ తెలిసిందే, ఉత్తరం పక్క కొండ, అడవి, ఆ పక్క ఒక్క అంకణం కూడా పెరగదు, ఇంక మిగిలింది రేణిగుంట, తిరుచానూరు, చంద్రగిరి పక్కలే.

రేణిగుంట రోడ్డు అవతల ఒక వెంచర్ చూపించినాడు బ్రోకరు. ముందర ఆర్చి, లోపల ఎర్రమట్టి రోడ్లు, టెంకాయ మొక్కలు, ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు అని బోర్డు. 40 అంకణాలు, అంకణం 45 వేలు, అంటే 18 లక్షలు. (నెల్లూరోళ్లు చదివితే కంగారు పడొద్దు, మన అంకణం 36 చదరపు అడుగులే, మీది 72.) నచ్చింది, 20 వేలు టోకెన్ ఇచ్చేసినాం. అప్పుడు మా ఆవిడ పనిచేసే హాస్పిటల్లో ఒక సిస్టరు జాగా పేపర్లు చూసి చెప్పే ఈ ఆఫీసు గురించి చెప్పింది, కొనేముందు ఒకసారి చూపించుకోండక్కా అని.

ఆఫీసంటే జిరాక్స్ షాపు పైన ఒక్క రూము. రెండే కుర్చీలు, మిగతావాళ్లు మెట్ల మీదే. రమ్మన్న టైముకి పోతే గంటా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టినాడు, ఒక స్టార్ ఆడే పోయింది. కానీ లోపలికి పిలిచినాక ఫీజు మాట ఎత్తలేదు, సర్వే నంబర్ చెప్పండి అన్నాడు. అడంగల్ (సాగు లెక్క) చూసినాడు, 1బి (హక్కుదారు లెక్క) చూసినాడు, ఈసీ (పాత అమ్మకాలు, తాకట్ల లెక్క) తీసినాడు, 22ఎ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల్లో ఉండాదా అని చూసినాడు, దేవుడి మాన్యమా, మఠం భూమా అని కూడా అడిగినాడు, తిరుపతి చుట్టుపక్కల అది అడగకుండా కొనేవాడు అమాయకుడంట. అన్నీ క్లీన్. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ మ్యాప్ తెరిచి మా సర్వే నంబర్ మీద వేలు పెట్టి ఒకటే మాట చెప్పినాడు, "స్థలం మంచిదే సార్, అమ్మేవాడూ మంచోడే. మీరు కొనొచ్చు, ఇల్లే కట్టలేరు."

అది వ్యవసాయ జోన్. లేఅవుట్‌కి అప్రూవల్ లేదు, అప్రూవల్ లేకపోతే ఇంటి ప్లాన్ రాదు, ప్లాన్ లేకపోతే బ్యాంకు లోన్ ఇయ్యదు. ప్లాటుగా కాకుండా పొలంలాగా సెంట్ల లెక్కన రిజిస్ట్రేషన్ చేయిస్తాం అని బ్రోకరు ఎందుకన్నాడో అప్పుడర్థమైంది. జోన్ మార్చుకోవచ్చు కదా అంటే, దానికి ప్రభుత్వం నుంచి జీవో రావాల, మీ ఒక్క ప్లాటుకి ఎవరు తిరుగుతారు అన్నాడు.

నాకు మండింది. మాలాంటోళ్లు కొనగలిగిన జాగాలన్నీ మ్యాప్‌లో వ్యవసాయ జోన్ పచ్చరంగులోనే ఉంటే మేం యాడికి పోవాలన్నా అని అడిగినా. సరిగ్గా అప్పుడే మా బామ్మర్ది వీడియో కాల్, వాడు కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊర్లో ఉండాడు, స్పీకర్లో పెట్టినా. బావా మా ఊర్లో ఇంకా పెద్ద గొడవైంది అని మొదలుపెట్టినాడు. 1996లో ఆ ఊరోళ్లు ఓట్లేసి ఊరు మొత్తానికి 29,000 ఇండ్లు, అంతకుమించి ఒక్కటి కూడా కట్టకూడదని పెట్టుకున్నారంట. ఆఫీసులు మాత్రం వస్తానే ఉన్నాయి, వాటిల్లో పనిచేసేవాళ్లు ఇల్లు దొరక్క కొండ అవతలి ఊర్లనుంచి రోజూ కార్లల్లో రావాల్సిందే. ఆ రాష్ట్రం చట్టమేమో ప్రతి ఊరూ తన వంతు ఇండ్లకి, తక్కువ జీతగాళ్ల ఇండ్లతో సహా, జాగా చూపించాలంటుంది. 2006లో అర్బన్ హాబిటాట్ అనే సంస్థ కేసేసింది, 2009లో రాష్ట్ర అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్ కూడా ఆ పక్కన చేరినాడు, 2010 మార్చిలో కోర్టు ఆ లిమిట్ చెల్లదు అనింది, ఆ ఏడాదే సిటీ కౌన్సిల్ అప్పీలు జోలికి పోకుండా రాజీ అయి, లిమిట్ ఎత్తేసి, రైలు స్టేషన్ దగ్గరుండే ఆఫీసుల జాగాలో అపార్ట్‌మెంట్లకి చోటిచ్చింది.

చూసినావా అన్నా, కోర్టుకి పోతే గెలిచినారు అని ఎగిరినా. ఈయన నవ్వి, వాళ్లది నంబర్ సార్, నంబరుకి కారణం ఏముంటుంది, ఇది నేల, 2021 నవంబర్లో తిరుపతిలో నీళ్లు యాడ నిలిచినాయో గుర్తుందా అని మ్యాప్‌లో చెరువు, దాని కాలువ చూపించినాడు. మేం కొనబోయిన జాగాకి కాలువ ఆనుకునే ఉంది. నిజం చెప్పాలంటే నోరు పడిపోయింది. అయినా నా మాట నాది, ఈడ వద్దన్నప్పుడు యాడ కట్టుకోవాలో కూడా చూపించాల గదా, ప్లెజంటన్లో రాజీ కుదిరింది కూడా ఆ జాగా చూపిస్తామన్నాకే.

చూపించినాడు మరి, అందుకే నాలుగు స్టార్లు. చంద్రగిరి పక్క అప్రూవ్డ్ లేఅవుట్‌లో రీసేల్ ప్లాటు, 26 అంకణాలే, అంకణం రేటు ఎక్కువే, కానీ పార్కు జాగా వదిలినారు, బ్యాంకోళ్లు పేపర్లు చూసి సరే అన్నారు. ఆ ప్లాటు అమ్మేవాళ్ల దగ్గర కమిషన్ ఏమన్నా తీసుకున్నాడేమో అని రెండురోజులు ఆరా తీసినా, ఏం లేదు.

మైనస్‌లు: రసీదు ఇయ్యడు, జిరాక్సులు మన ఖర్చే, ఫోన్ ఎత్తడు, మాట కటువు. మా ఆవిడ ఏదో అడిగితే "మీరు ఆగండమ్మా" అన్నాడు, ఆమె ఇంకా మర్చిపోలేదు. బండి పెట్టుకునేదానికి చోటు లేదు. సాయంత్రం ఆరు దాటినాక పోండి, రష్ తగ్గుతుంది, సర్వే నంబరూ అమ్మేవాళ్ల దస్తావేజు జిరాక్సూ లేకుండా పోతే వెనక్కి పంపిస్తాడు.

టోకెన్ ఇచ్చిన 20 వేల్లో పది వచ్చింది. మిగతా పది అడిగితే బ్రోకరు ఉగాదికి అంటా ఉండాడు, ఏ ఉగాదికో చెప్పలా.