పుట్టుక చెప్పే కాగితం, బతుకు చెప్పే కాగితం: పాత ఇటలీ కార్ల రికార్డు సేవల్లో ఏది దేనికి పనికొస్తుంది

పద్మినో, 1100 డిలైటో కొనేటప్పుడు మన తిరుపతి షెడ్లలో చూసేవి రెండే: ఆర్‌సీ, దాంతో కలిసే ఛాసిస్ పెన్సిల్ ప్రింటు. కుర్లాలో తయారైన బండికి అది చాలు. అదే లెక్కతో బయటి దేశంలో ఉన్న ఆల్ఫాకో ఫెరారీకో అడ్వాన్సు పంపితేనే చిక్కు. అమ్మేవాడు తోలు అట్ట ఫైలు తెరిచి "కంపెనీ సర్టిఫికెట్ ఉంది" అంటాడు. ఉంటుంది కూడా. కానీ అందులో ఉండేది బండి పుట్టుక. తర్వాత అరవై ఏళ్లు అది ఎవరి ఇంట్లో ఉంది, ఎక్కడ గుద్దుకుంది, ఇంజన్ ఎప్పుడు మారింది అన్నవి వేరే చోట వెతకాలి. ఈ సమీక్ష ఆ కాగితాలిచ్చే సేవల మీద.

ముందు చవకగా, తేలిగ్గా అయ్యేది చూద్దాం. ఆల్ఫా రోమియో, ఫియట్, లాంచియా, అబార్త్ బండ్లకు ట్యూరిన్‌లో ఆ కంపెనీలకున్న హెరిటేజ్ (పాత బండ్ల) విభాగం సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఇస్తుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి అడిగితే ఫ్యాక్టరీ రిజిస్టరు చూసి తయారైన తేదీ, మొదటి రంగు, ఇంజన్ నంబరు, ఏ ఊరికి పంపారు లాంటి వివరాలు రాసిస్తారు. బండిని ఎవరూ ముట్టుకోరు. కాబట్టి "ఈ నంబరుతో ఒక బండి పుట్టింది" అన్నంత వరకే దాని సాక్ష్యం. మీ ముందున్నది ఆ బండే అని అది చెప్పదు. బండిని దగ్గర పెట్టుకుని పరీక్షించి ఇచ్చే ఆథెంటిసిటీ సర్టిఫికెట్ వేరే ఉంది. అమ్మేవాళ్లలో చాలామంది మొదటిది చూపించి రెండోదిలా మాట్లాడతారు. కాగితం మీద ఏ పేరుందో చదవండి.

దరఖాస్తులో ఎక్కువ తప్పులు నంబరు దగ్గరే జరుగుతాయి. ఆల్ఫా 105 సిరీస్‌లో, అంటే జూలియా కుటుంబం బండ్లలో, నంబరు ఇంజన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు మీద ఉంటుంది. ముందు టైపు కోడు, తర్వాత సీరియల్ నంబరు. టైపు కోడు ఒక్కటే పంపితే ఉపయోగం లేదు, అది వేల బండ్లకు ఒకటే. ఫొటో కంటే మన ఆర్టీఓ పద్ధతే నయం. కిరసనాయిలులో తడిపిన నైలాన్ బ్రష్‌తో జిడ్డు తీసి, ఆరాక అంకెల మీద మెత్తటి పెన్సిల్ రుద్ది, సెలో టేపు గట్టిగా అదిమి, లేపి తెల్లకాగితం మీద అంటించాలి. ఇనుప బ్రష్, ఎమరీ పేపరు దగ్గరకు రానివ్వొద్దు. వాటితో రుద్దితే అసలు పంచ్ అంచులు పోయి, నిజమైన నంబరు కూడా దొంగ నంబరులా కనబడుతుంది. తర్వాత లైట్లు ఆర్పి టార్చిని పక్కనుంచి, దాదాపు రేకుకు ఆనించినట్టు పట్టి చూడండి. గ్రైండరు పెట్టి పాత నంబరు తీసేసిన చోట రేకు పల్లంగా ఉంటుంది, మెరుపు తేడాగా ఉంటుంది. చుట్టూ వెల్డింగు గీత కనబడితే ఆ ముక్క ఇంకో బండి నుంచి వచ్చిందేమో అని అనుమానించాలి.

రంగు సంగతీ అంతే. ప్రతి ఇటలీ కారుకీ ఎరుపు కొట్టించే అలవాటు మన ఒక్క ఊరిదే కాదు. సర్టిఫికెట్‌లో "బియాంకోస్పినో" అంటే తెలుపు అని ఉంటే, బండి మీద ఆ తెలుపు ఎక్కడైనా దొరకాలి. డిక్కీ లోపల కనబడని చోట 400 వాటర్ పేపరుతో రూపాయి బిళ్లంత మేర తడిపి రుద్ది, 1000తో నున్న చేస్తే పొరలన్నీ వలయాలుగా బయటపడతాయి. అన్నిటికంటే లోపలి వలయం ప్రైమరు, దాని పక్కది ఫ్యాక్టరీ రంగు. డాష్‌బోర్డు వెనక, డోర్ ట్రిమ్ కింద అయితే రుద్దే పని కూడా ఉండదు. ఒకవేళ ఎరుపు కింద నేరుగా పుట్టీ తగిలితే, ఆ రేకు కొత్తగా చేయించిందని టింకరింగ్ మేస్త్రీ ఎవరైనా చెప్పేస్తాడు.

ఈ కాగితం లేకుండా అసలు బేరానికే దిగకూడని బండి ఒకటుంది. 1965లో వచ్చిన జూలియా స్ప్రింట్ జీటీఏ. పందేల కోసం పై రేకులన్నీ అల్యూమినియంతో చేసి సుమారు 200 కిలోలు తగ్గించారు. 1570 సీసీ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లకు ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు. మామూలు స్ప్రింట్ జీటీ టైపు 105.02, దీని టైపు 105.32. తలుపు మీద అయస్కాంతం అంటకూడదు, ఫ్లోర్ మీద అంటాలి. అయితే ఇనుప జీటీకి అల్యూమినియం తొడుగు వేసి, రెండు ప్లగ్గుల హెడ్ బిగించడం పెద్ద విద్యేమీ కాదు, అయస్కాంతాన్ని ఎవరైనా మోసం చేయగలరు. ఫ్యాక్టరీ రిజిస్టరులో ఆ సీరియల్ ఎదురుగా ఏ మోడల్ ఉందన్నది మాత్రం మార్చలేరు. ఇక్కడ ట్యూరిన్ వాళ్ల సేవకు పూర్తి మార్కులు వేయొచ్చు.

ఫెరారీ క్లాసికే సంగతి వేరు. 2006లో మారనెల్లోలో మొదలైన ఈ విభాగం 20 ఏళ్లు దాటిన బండ్లను తీసుకుంటుంది. బండిని మారనెల్లోకో అధీకృత వర్క్‌షాపుకో చేర్చాలి, అంటే మన ఊరి నుంచైతే లారీ ఎక్కించాల్సిందే. ఛాసిస్, ఇంజన్, గేర్‌బాక్సు, సస్పెన్షన్, బ్రేకులు, బాడీ, లోపలి అలంకరణ ఒక్కొక్కటీ ఫొటోలు తీసి పాత బిల్డ్ షీట్లతో (తయారీ వివరాలు రాసిన కాగితాలతో) పోల్చి చూస్తారు. అన్నీ కుదిరితే ఎర్ర అట్ట పుస్తకం వస్తుంది. శ్రద్ధగా చేస్తారు, ఒప్పుకోవాలి. చిక్కు ఎక్కడంటే, వాళ్లు చూసేది బండి పుట్టినప్పటి స్పెసిఫికేషన్‌కు సరిపోతుందా అని. పాత డ్రాయింగుల నుంచి ఇంజన్ బ్లాకు కొత్తగా పోతపోసి ఇవ్వగలిగిన విభాగం ఇది. ఆ కొత్త బ్లాకు బిగించిన బండీ స్పెసిఫికేషన్ పరీక్షలో నిలవగలదు. చరిత్ర కోసం కొనేవాడికి మాత్రం అది 1962 నాటి లోహమా, నిన్నమొన్నటి లోహమా అన్నదే ప్రశ్న. పుస్తకం అట్ట చూసి ఆగకుండా, లోపల ఇంజన్ పేజీలో ఒరిజినల్ అని రాశారా, రీప్లేస్‌మెంట్ అని రాశారా చూడాలి. ఇంజన్ మీద సీరియల్‌తో పాటు "న్యూమెరో ఇంటెర్నో" అనే లోపలి నంబరు ఉంటుంది. నకిలీ పంచ్ కొట్టేవాళ్లు సీరియల్ మార్చి దీన్ని మరిచిపోతుంటారు.

నంబరుతోనే పట్టుకోగలిగే విషయం ఇంకొకటి. ఆ రోజుల్లో ఫెరారీ రోడ్డు బండ్లకు బేసి సంఖ్యలు, పందెం బండ్లకు సరి సంఖ్యలు. టెస్టా రోసా అనే పందెం బండ్లవి సరి సంఖ్యలే. మరి పందేల్లో పేరు మోసిన 250 జీటీఓకు బేసి ఎందుకంటే, అది జీటీ తరగతిలో, అంటే రోడ్డు బండ్ల నుంచి పుట్టిన పందెం కార్ల తరగతిలో, హోమోలోగేషన్ (పోటీకి అధికారిక గుర్తింపు) పొందిన బండి. 2018లో మాంటెరీ వేలంలో 4.84 కోట్ల డాలర్లకు పోయిన జీటీఓ నంబరు 3413జీటీ. ఫెరారీ వాళ్ల చిన్న రోడ్డు బండి డీనోకు మళ్లీ వేరే సరి సంఖ్యల వరస. కాబట్టి సరి సంఖ్య కనబడగానే పందెం బండి అని ఎగిరి గంతేయకండి, డీనో కావచ్చు.

లాంబోర్గినీకి 2015 నుంచి పోలో స్టోరికో ఉంది. వీళ్లలో మెచ్చుకోవాల్సింది రిజిస్టరు దగ్గరే ఆగిపోకపోవడం. 1969 నాటి ఒక బ్రిటిష్ సినిమా మొదటి సీన్‌లో పరుగెత్తిన నారింజ రంగు మియూరా ఏదన్నది ఏళ్ల తరబడి తేలలేదు. ఫ్యాక్టరీ కాగితాలతో పాటు అప్పటి ఉద్యోగుల సాక్ష్యం కూడా కలిపి చూసి, 2019లో అది 3586 నంబరు బండని తేల్చారు. మియూరా బాడీలు ట్యూరిన్‌లో బెర్టోనే షాపులో తయారై వచ్చేవి. అందువల్ల ఛాసిస్ నంబరు ఒకటి, బాడీ వైపు ప్రొడక్షన్ నంబరు ఇంకొకటి. రెండూ కలవలేదని కంగారు పడొద్దు, కలిస్తేనే అనుమానించాలి. మసరాటి 2021లో ఇలాంటి విభాగమే పెట్టింది.

ఇక బతుకు చెప్పే కాగితం. ఇటలీలో 1927 నుంచి పీఆర్ఏ అనే ప్రజా వాహన రిజిస్టరు ఉంది, అక్కడి ఆటోమొబైల్ క్లబ్బు ఏసీఐ దాన్ని నడుపుతుంది. అందులోంచి "ఎస్త్రాత్తో క్రోనోలోజికో" తీయిస్తే యజమానులు వరసగా, తేదీలతో సహా వస్తారు. అప్పుల తాకట్లు కూడా కనబడతాయి. మన ఈసీ లాంటిదే అనుకోండి. ఇక్కడ వెతకాల్సింది ప్లేటు నంబరుతో. ఆ రోజుల్లో ప్లేటు మీద ప్రావిన్సు పేరు ఉండేది: మిలాన్‌కు ఎంఐ, ట్యూరిన్‌కు టీఓ, రాజధానికి మాత్రం రోమా అని పూర్తిగా. వేరే ప్రావిన్సుకు బండి మారితే ప్లేటూ మారేది. ఒక ప్లేటు మీద తీసిన కాగితం 1961లో ఆగిపోయిందంటే బండి మాయమైపోలేదు, కొత్త ప్లేటు మీద ఇంకో కాగితం తీయాలి. జాతీయ వరస 1994లో గానీ రాలేదు. కంప్యూటరుకెక్కని పాత ఎంట్రీల కోసం అక్కడి వాహన ఏజెన్సీ వాళ్లను పెట్టుకోవాలి, మన ఆర్టీఓ ఆఫీసు బయట బల్ల వేసుక్కూర్చునే ఏజెంట్ల బాపతే. కాగితంలో "రాదియాతా" అంటే రిజిస్టరు నుంచి తీసేశారని. పక్కన "పెర్ ఎస్పోర్తాత్సియోనే" అని ఉంటే ఎగుమతైంది, మంచిదే. "పెర్ దెమోలిత్సియోనే" అని ఉంటే ఆ బండిని పాత ఇనుముకు వేసేశారు. మరి మీకు అమ్ముతున్నదేమిటని అడగాలి.

ప్లేటు నంబరు దొరక్కపోతే పాత ఫొటోలే దిక్కు. ఇటలీ రోడ్ల మీద జరిగే మిల్లె మిల్యా పందెంలో 1950ల్లో బండి మీద నంబరంటే అది బయలుదేరిన వేళ. 1957లో గెలిచిన ఫెరారీ 315 ఎస్ నంబరు 535, అంటే తెల్లవారుజామున 5 గంటల 35 నిమిషాలు. ఫొటోలో నంబరు కనబడితే ఆ ఏటి స్టార్టు జాబితాలో డ్రైవరు పేరు, ఆ పేరుతో యజమాని దొరుకుతారు. ప్లేటు మీద "ప్రోవా" అని ఉంటే మాత్రం వదిలేయండి. అది ఫ్యాక్టరీ వాళ్లు ఈ రోజు ఒక బండికి, రేపు ఇంకో బండికి తగిలించే ప్లేటు.

యజమానుల వరసలో ఒక్క లింకు తెగినా ఏమవుతుందో చెప్పడానికి ఫెరారీ 375 ప్లస్, నంబరు 0384ఏఎం చాలు. 1980ల్లో అమెరికాలోని ఒహాయోలో దొంగతనానికి గురై, యూరప్‌లో తేలింది. దశాబ్దాలు కోర్టుల్లో నలిగి, 2014లో గుడ్‌వుడ్ వేలంలో కోటి పౌండ్లు దాటి పోయాక కూడా మళ్లీ దావాలే. ఆ బండి నకిలీ అని ఎవరూ అనలేదు. తగవంతా హక్కు మీదే.

తిరుపతి ఆర్టీఓ దగ్గర కూడా ఈ తేడా పనిచేస్తుంది. 2021 నాటి వింటేజ్ నిబంధనల కింద వీఏ సిరీస్ నంబరు కావాలంటే 50 ఏళ్లు లెక్కపెట్టేది మొదటి అమ్మకం తర్వాతి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి. ఫ్యాక్టరీ సర్టిఫికెట్‌లో ఉండేది తయారీ తేదీ. అమ్ముడుపోక షోరూంలో ఏడాది నిలిచిన బండ్లు తక్కువేమీ కాదు. సరిహద్దు ఏళ్లలో ఉన్న బండికి పీఆర్ఏ కాగితమే కావాలి, దానికి ఇంగ్లిషు అనువాదం కూడా. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్న షరతుకు ట్యూరిన్ కాగితం పనికొస్తుంది. దిగుమతి బండికి బిల్ ఆఫ్ ఎంట్రీ, ఇన్సూరెన్సు తప్పనిసరి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిరగడానికి లేదు. అలిపిరి దాకా షికారు కొట్టడానికని కొంటుంటే ముందే ఆలోచించుకోండి.

డబ్బు పెట్టే వరస: పెన్సిల్ ప్రింటు ముందు, అది ఖర్చు లేనిది. తర్వాత ప్లేటు నంబరు సంపాదించి పీఆర్ఏ కాగితం. అందులో దెమోలిత్సియోనే గానీ, తెగిన లింకు గానీ లేదని తేలాకే ఫ్యాక్టరీ సర్టిఫికెట్‌కు రాయండి. ఎర్ర పుస్తకం ఖర్చు అమ్మేవాడి మీద వేయండి.