విశాఖలో ‘బ్లడ్‌లైన్స్ 2’ కొనబోతున్నవారికి హెచ్చరిక

ద్వారకానగర్‌లో గేమ్ డిస్కులు, కంట్రోలర్లు అమ్మే ఒక దుకాణంవారు ‘వాంపైర్: ద మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్ 2’ అనే రక్తపిశాచాల వీడియో గేమ్ యాక్టివేషన్ కీని (ఆటను మన ఖాతాలో నమోదు చేసుకునే కోడ్‌ను) కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ వేదిక స్టీమ్‌లోని ధరలో సగానికే ఇస్తామని చెప్పి, డబ్బు తీసుకున్న తరువాత ఎవరిదో స్టీమ్ ఖాతా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రాసిన చీటీ నా చేతిలో పెట్టారు. పాస్‌వర్డ్ మార్చకూడదనీ, ఆఫ్‌లైన్ మోడ్‌లోనే ఆడాలనీ చీటీ వెనుక రాసి ఉంది. కీ ఏదని అడిగితే, “అందరికీ ఇలాగే ఇస్తున్నామండీ, ఏమీ కాదు” అన్నారు. కొద్ది రోజులకే ఆ ఖాతా పాస్‌వర్డ్ మారిపోయింది. దానికి జోడించిన ఈమెయిల్ మరొకరిది కాబట్టి తిరిగి తెరిచే దారి లేదు. బిల్లులో ఆట పేరుకు బదులు ‘సాఫ్ట్‌వేర్ సర్వీస్’ అని మాత్రమే ఉంది.

ఈ అమ్మకం ఇంత తేలికగా సాగడానికి కారణం మొదటి ‘బ్లడ్‌లైన్స్’ ఆట మీద మనకున్న అభిమానమేనని నా నమ్మకం. ట్రోయికా గేమ్స్ రూపొందించిన ఆ ఆట 2004 నవంబరులో, సరిగ్గా మరో పేరున్న ఆట ‘హాఫ్-లైఫ్ 2’ విడుదలైన రోజునే, లోపాలతో బయటికి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ సంస్థ మూతపడగా, బాగుచేసే భారమంతా అభిమానులు తయారుచేసిన అనధికార ప్యాచ్‌ల (లోపాలను సరిదిద్దే ఫైళ్ల) మీద పడింది. హాలీవుడ్ కింద మురుగు కాలువల్లో సాగే పోరాటాలు ఈనాటికీ విసుగు పుట్టిస్తాయి. అయినా రక్తపిశాచాల వంశాల్లో మతి చలించిన మాల్కేవియన్ వంశాన్ని ఎంచుకున్నవారితో వీధిలోని స్టాప్ బోర్డు వాదనకు దిగుతుంది. నాస్ఫెరాటూను ఎంచుకుంటే, వికృతరూపం జనం కంట పడకుండా నగరమంతా కాలువల గుండానే తిరగాలి. ఎంచుకున్న వంశాన్ని బట్టి ఆట స్వభావమే మారిపోయే అటువంటి రచనకు కొనసాగింపు ముమ్మాటికీ రావలసిందే.

వచ్చిన కొనసాగింపు మాత్రం వేరు దారి పట్టింది. 2019లో ప్రకటించిన ఆటను 2021లో మొదటి నిర్మాతల నుంచి తప్పించి, ఆ తరువాత ద చైనీస్ రూమ్ అనే ఆటల సంస్థకు అప్పగించగా, అది 2025 అక్టోబరు 21న విడుదలైంది. ఇందులో మన పాత్ర సియాటిల్‌లో మేల్కొన్న ఫైర్ అనే వృద్ధ రక్తపిశాచి. మాల్కేవియన్, నాస్ఫెరాటూ వంశాలను ఎంచుకునే వీలే లేదు. ఫైర్ తలలో మాట్లాడే ఫాబియన్ అనే మాల్కేవియన్ డిటెక్టివ్ ఒక్కడే పాత రుచిని కొంత గుర్తుచేస్తాడు. లసాంబ్రా, టోరెడార్ వంశాలకు విడిగా డబ్బు వసూలు చేయాలని ప్రచురణకర్తలు అనుకున్నారు; అభిమానులు గట్టిగా నిరసించాకే వాటిని మూల ఆటలో చేర్చారు. పేరును చూసి కాకుండా, కాసేపు ఆడి చూసి నిర్ణయించుకోవలసిన ఆట ఇది.

ఆ అవకాశాన్నే ఈ చీటీల వ్యాపారం లాగేసుకుంటోంది. సొంత ఖాతాలో నేరుగా స్టీమ్‌లో కొన్న ఆటను, 14 రోజులలోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందే అడిగితే మామూలుగా డబ్బు వెనక్కి ఇస్తారు. పరాయి ఖాతాలో ఆడేవారికి ఆ హక్కు ఉండదు. పైగా ఖాతాలను అమ్మడం స్టీమ్ ఒప్పందానికే విరుద్ధం కనుక ఫిర్యాదు చేసినా అక్కడ మన మాట చెల్లదు. అందువల్ల దయచేసి స్టీమ్‌లోనే కొనండి. దుకాణంలో కొనక తప్పదనుకుంటే, కీ మీ సొంత ఖాతాలో నమోదై, ఆట మీ లైబ్రరీలో కనిపించేదాకా డబ్బు చెల్లించకండి. బిల్లు మీద ఆట పేరు రాయించుకోండి.

ఇప్పటికే మోసపోయినవారు చీటీని, చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను, దుకాణంవారితో జరిగిన వాట్సాప్ సంభాషణను భద్రపరచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను అక్కడ ఫిర్యాదు నమోదు చేశాను. దుకాణంవారు డబ్బు తిరిగి ఇవ్వకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను; 5 లక్షల రూపాయలలోపు కొనుగోలు కేసులకు అక్కడ రుసుము లేదు.