చార్టర్ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్: టీచర్‌కి ఐదు స్టార్లు, స్కూలుకి మూడే

మా బాబుకి ఆటిజం. మేముండేది అమెరికాలో. లాటరీలో సీటొచ్చి ఈ చార్టర్ స్కూల్లో (ప్రభుత్వ డబ్బుతో, విడి యాజమాన్యం నడిపే స్కూలు) చేర్చాం. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌కి చేతులెత్తి దండం పెట్టాలి. వాడు చెవులు మూసుకుంటే గద్దించరు. హెడ్‌ఫోన్స్ అందించి, బొమ్మల కార్డు మీద తర్వాత చేయాల్సిన పని వేలితో చూపిస్తారు.

స్పీచ్ థెరపీ దగ్గరే కడుపు మండింది. ఐఈపీలో (వాడికి ఏ సేవలివ్వాలో రాసిన ప్రత్యేక ప్రణాళికలో) ఉన్నా "మాది చిన్న స్కూలు, థెరపిస్ట్ దొరకలేదు" అన్నారు. చార్టర్ అయినా అది పబ్లిక్ స్కూలే, వైకల్యమున్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడీఈఏ అనే అమెరికా చట్టం వాళ్లకీ వర్తిస్తుంది. అదే రాష్ట్రంలో స్కూలు మారితే, కొత్త ఐఈపీ తేలేదాకా పాతదానితో సమానమైన సేవలు ఇచ్చి తీరాలి. ఈ మాటే ఈమెయిల్లో పెట్టి మీటింగ్ అడిగాక థెరపిస్ట్ వచ్చారు. పోయిన సెషన్ల సంగతి మాత్రం ఇంకా తేల్చలేదు.

చేర్చే ముందే థెరపిస్ట్ ఎవరో, వారానికి ఎన్ని నిమిషాలిస్తారో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.