అరకు దారిలో పదహారు వేల మూలుగు

అరకు బాగుంది. మంచు, కాఫీ, బొర్రా గుహలు అన్నీ బాగున్నాయి. కానీ ఇది రాయడానికి కారణం అవేవీ కావు. విశాఖలో ఒక సర్వీసు కేంద్రం 16,400 రూపాయలవుతుందని కాగితం రాసిచ్చిన జబ్బును, శృంగవరపుకోటలో రేకుల షెడ్డు కింద ఒక పెద్దాయన 1,250కి నయం చేశాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

రాజమహేంద్రవరంలో బయలుదేరినప్పుడు కారులో ఏ గొడవా లేదు. తుని దాటాక మా ఆవిడ, "చెవి దగ్గర దోమ తిరుగుతోందేమిటి?" అంది. ఏసీ గాలి తగ్గించి విన్నాను. దోమ కాదు, సన్నని మూలుగు. యాక్సిలరేటర్ తొక్కితే శ్రుతి పెరుగుతోంది, వదిలితే దిగుతోంది. రోడ్డు పక్కన ఆపి, న్యూట్రల్‌లో తొక్కి చూసినా అదే పాట. బండి కదలకపోయినా వస్తోందంటే చక్రాలది కాదు, ఇంజనుదే. అంతవరకే నా విద్య.

సాయంత్రానికి విశాఖ చేరి నేరుగా సర్వీసు కేంద్రానికి వెళ్లాం. చల్లని గది, ఉచిత కాఫీ, తనిఖీ రుసుము జీఎస్టీతో కలిపి 590. మెడలో కార్డు వేసుకున్న కుర్రవాడు బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు నిలబడి, "ఆల్టర్నేటర్ పోయింది సార్, మొత్తం మార్చాలి, రేపు సాయంత్రానికి వస్తుంది" అన్నాడు. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీకి కరెంటు నింపేది అదే. దేన్నీ ముట్టుకోలేదు. ఎలా తెలిసిందని అడిగితే, ఈ మోడల్‌లో ఇది మామూలేనట. ఆల్టర్నేటర్ పోతే బ్యాటరీ దీపం వెలగాలి కదా అన్నాను. కంప్యూటర్ వైపు తిరిగి అంచనా కాగితం తీసిచ్చాడు.

అక్కడి నుంచి కారులో వాతావరణం మారిపోయింది. ఘాట్ రోడ్డులో ఆగిపోతే ఎవరిది బాధ్యత అని మా బావమరిది. ఇంజను పుల్లీల మీద తిరిగే బెల్టుకు కొట్టే స్ప్రే ఒకటుంది, కొట్టేస్తే పోతుందని మళ్లీ తనే. వెనక సీట్లో అమ్మ మాత్రం, "అద్దాల పెట్టె రైల్లో హాయిగా వెళ్దామంటే విన్నావా?" అంది. విశాఖ నుంచి అరకుకు 2017 నుంచి ఆ పెట్టె నడుస్తోంది. టిక్కెట్లు దొరకలేదని ఆమెకు పదోసారి చెప్పాను.

మర్నాడు శృంగవరపుకోటలో టిఫిను చేశాం. ఇక్కడ దాటితే ఘాట్ ఎక్కడమే. టీ కొట్టువాడిని అడిగితే షెడ్డు చూపించాడు. పెద్దాయన ముందు ఇంజను స్టార్ట్ చేయించి, ఊరికే విన్నాడు. "కీచుమంటే బెల్టు జారుతున్నట్టు. కిచకిచమంటే పుల్లీలు వరసలో లేనట్టు. ఇలా ఆగకుండా మూలుగుతోందంటే ఏదో బేరింగు అయి ఉంటుంది బాబూ, చూద్దాం" అన్నాడు.

తిరుగుతున్న బెల్టు లోపలి గాడుల మీద సీసాతో కొద్దిగా నీళ్లు చిలకరించాడు. పుల్లీలు వరసలో లేకపోతే చప్పుడు కాసేపు ఆగుతుందట, బిగువు చాలకపోతే పెరుగుతుందట. మూలుగు ఆగలేదు, పెరగలేదు. హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ వేయించాడు. ఆల్టర్నేటర్ మీద బరువు పడినా శ్రుతి మారలేదు. ఏసీ వేసి, ఆపి చూశాడు, తేడా లేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఒక్కొక్క భాగం మీద, తిరిగే పుల్లీకి తగలకుండా ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఒక చోట ఆగి నన్ను పిలిచాడు. తిరగలిలో రాయి పడ్డట్టు వినిపించింది.

అంతటితో నమ్మమనలేదు. ఇంజను ఆపి, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌కు స్పానర్ వేసి బెల్టు జార్చి, మళ్లీ పది సెకన్లు తిప్పాడు. నిశ్శబ్దం! "ఇంతకంటే తిప్పకూడదు, మీ బండికి ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపు కూడా ఈ బెల్టు మీదే ఉంది" అని ఆపేశాడు. తర్వాత పుల్లీలన్నీ చేత్తో తిప్పించాడు. పదహారు వేల ఆల్టర్నేటర్ వెన్నలా తిరిగింది. బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ గరగరమంది. పెద్దాయన అంతసేపూ నా పక్కనే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని కాదు, నల్లగా చేసుకుని.

పుల్లీ 850, కూలి 400. పుల్లీని కొత్తవలస నుంచి తెప్పించడానికి రెండు గంటలు పట్టింది, అదొక్కటే ఇబ్బంది. బెల్టు కూడా మార్చమంటాడేమో అనుకున్నాను. బెల్టు గాడులు తడిమి, "ఈ కాలం రబ్బరు పగలదు, అరుగుతుంది. ఇంకొన్నాళ్లు నడుస్తుంది, ఇంటికెళ్లాక మార్చుకోండి" అన్నాడు. స్ప్రే సంగతి బావమరిది అడిగితే, "ఒళ్లు కాలుతుంటే పౌడరు రాసినట్టు" అన్నాడు. బావమరిది టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అనంతగిరి మలుపుల్లో కారు చక్కగా ఎక్కింది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు చూసి అమ్మ రైలు సంగతి మరిచిపోయింది. ఆలస్యం వల్ల బొర్రా గుహల్లో గంటే గడిపాం. మోకాళ్ల నొప్పులున్నవారు మెట్ల సంగతి ముందే ఆలోచించుకోండి. మేమున్న లాడ్జిలో గదికి 3,200, ఆరు నుంచి ఎనిమిది దాకా వేడినీళ్లన్నారు, ఏడూ యాభైకి వచ్చాయి. అక్కడికి మళ్లీ వెళ్లను. రోడ్డు పక్కన బొంగు చికెన్ మాత్రం అరకిలో 300కి తిన్నాం. నూనె చుక్క లేకుండా వెదురులో కాలిన ఆ ముక్క కోసం బావమరిది రెండోసారి డబ్బు తీశాడు. ఈ ప్రయాణంలో తను పెట్టిన ఖర్చు అదే.

ఘాట్ ఎక్కబోయేవారు ఇంజను మూలిగితే ఆల్టర్నేటర్ కొనేముందు బెల్టు తీయించి వినండి. తీయనివారికి డబ్బివ్వకండి. బ్యాటరీ దీపం వెలిగినా, వేడి ముల్లు పైకి పాకినా మాత్రం బండి ఆపేయండి, బెల్టు తెగి ఉండవచ్చు.

పాత పుల్లీ అడిగి తెచ్చుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఇంజను చప్పుడు లేదు కనుక, వెనక తలుపు గలగలలాడుతోందని మా ఆవిడ కనిపెట్టింది.