గ్వాతవీత: ఎల్ డొరాడో కథ పుట్టిన సరస్సు దగ్గరికి నాన్నతో

కొలంబియా రాజధాని బొగొతా విమానాశ్రయం పేరే ఎల్ డొరాడో, కథల్లోని బంగారు నగరం పేరు. దిగగానే ఆ బోర్డు దగ్గర నిలబడి నాన్న ఫోటో తీయమన్నారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. "అలాంటి ఊరే లేదమ్మా. దాని కోసం ఎంతమంది ప్రాణాలు పోయాయో!" అన్నారు. మొన్న జనవరిలో హ్యూస్టన్ నుంచి ఇద్దరం కలిసి చేసిన ఆరు రోజుల ప్రయాణం ఇది. పెద్దవాళ్ళతో వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

బొగొతా 2,640 మీటర్ల ఎత్తులో ఉంది. నాన్నకి బీపీ ఉంది కాబట్టి నాకు ముందునుంచే టెన్షన్. మొదటి రోజు ఎక్కడికీ తిరగకుండా పడుకున్నాం, అది మంచిదైంది. బస పాత ఊరు లా కాందెలారియాలో తీసుకున్నాం. పెంకుటిళ్ళు, రాళ్ళు పరిచిన సందులు, మ్యూజియానికి నడిచి వెళ్ళే దూరం. వీధి ఎంత అందమో మా గది అంత చలి. హీటర్ లేదు. రెండు రోజులూ వేడినీళ్ళు రాలేదు, అడిగితే రేపు బాగుచేస్తామన్నారు. మూడో రోజు బొగొతాలోనే చపినేరో అనే పేటకి మారాం. మందపాటి దుప్పట్లు, వేడినీళ్ళు, పక్కనే మందుల షాపు. చీకటి పడ్డాక పాత ఊరి సందులు ఖాళీ అయిపోతాయి కూడా. కుర్రవాళ్ళకి లా కాందెలారియా సరే, అమ్మానాన్నలతో అయితే చపినేరోలోనే దిగండి.

సరస్సు కంటే ముందు బంగారు మ్యూజియం చూడాలి. ఈ వరస మార్చకండి. ఇది కొలంబియా కేంద్ర బ్యాంకుది, 1939లో మొదలైంది. సోమవారం సెలవు, ఆదివారం ప్రవేశం ఉచితం. మేం గురువారం వెళ్ళాం. అద్దం వెనక, చీకట్లో ఒక చిన్న బంగారు తెప్ప. పొడవు 19.5 సెంటీమీటర్లు, బరువు 287 గ్రాములు, అంటే మన లెక్కలో ఇరవై ఎనిమిది తులాలు దాటింది. మధ్యలో పెద్ద ఆకారం రాజుది, చుట్టూ చిన్న చిన్న మనుషులు. 1969లో పాస్కా ఊరి దగ్గర ఒక గుహలో రైతులకి దొరికింది. నాన్న దాని ముందు పావుగంట కదల్లేదు.

ఎల్ డొరాడో అంటే నగరం కాదు, 'బంగారు పూత పూసుకున్న మనిషి'. ఈ ప్రాంతపు స్థానికులైన ముయిస్కా జాతివాళ్ళు, కొత్త నాయకుడు పదవికి వచ్చినప్పుడు ఆయన ఒంటి నిండా బంగారు పొడి అద్ది, తెప్ప మీద సరస్సు మధ్యకి తీసుకెళ్ళేవారట. బంగారం, పచ్చలు నీళ్ళకి సమర్పించి ఆయన స్నానం చేసేవాడట. స్పెయిన్ వాళ్ళ నోట్లో పడ్డాక ఆ మనిషి సరస్సయ్యాడు, సరస్సు నగరమైంది, నగరం రాజ్యమైంది. వెతికిన చోట దొరక్కపోతే ఇంకా ముందుకి జరిగేది. అసలు ముయిస్కాలకి బంగారు గనులే లేవు. ఉప్పు, పచ్చలు, నూలు బట్టలు ఇచ్చి బయటినుంచి బంగారం తెచ్చుకునేవాళ్ళు.

స్పెయిన్ సేనాని గొంసాలో హిమేనెస్ దె కెసాదా 1536లో సాంతా మార్తా తీరం నుంచి దాదాపు 800 మందితో బయల్దేరాడు. మగ్దలేనా నది పక్క అడవుల్లో జ్వరాలు, ఆకలి, మొసళ్ళు. బొగొతా ఉన్న ఈ పీఠభూమికి చేరేసరికి 200 మంది కూడా మిగల్లేదు. 1541లో క్విటో (ఇప్పటి ఈక్వడార్ రాజధాని) నుంచి గొంసాలో పిసారో అనే ఇంకో స్పెయిన్ సేనాని దాల్చినచెక్క అడవుల కోసం, బంగారం కోసం వెళ్ళి, చివరికి గుర్రాల్ని, కుక్కల్ని తిని వెనక్కొచ్చాడు. అతని వెంట వేల మంది స్థానికుల్ని మోతకి తోలుకెళ్ళారు. కెసాదా ముసలితనంలో 1569లో మళ్ళీ బయల్దేరాడు. వెంట 1,500 మంది స్థానికులు. మూడేళ్ళ తర్వాత తిరిగొచ్చింది వాళ్ళలో నలుగురు. ఈ అంకె దగ్గర నాన్న నోట మాట రాలేదు. స్పెయిన్ సైనికుల కష్టాలు క్లాసులో చాలాసార్లు చెప్పాను గానీ మూటలు మోసినవాళ్ళ సంగతి ఎప్పుడూ చెప్పలేదమ్మా అన్నారు.

శుక్రవారం ఒక ఏజెన్సీ వ్యాన్‌లో వెళ్ళి తప్పు చేశాం. ఒకే రోజులో సిపాకిరా ఉప్పు చర్చి, గ్వాతవీత సరస్సు రెండూ చూపిస్తామన్నారు. ఉప్పు గనిలో 180 మీటర్ల లోతున చెక్కిన చర్చి చూడదగిందే. ఈ ఉప్పు ఇచ్చే కదా ముయిస్కాలు బంగారం తెచ్చుకున్నదని గుర్తుంటే ఇంకా బాగుంటుంది. కానీ దారిలో షాపుల దగ్గర ఆపీ ఆపీ, సరస్సుకి చివరి బ్యాచ్ టైమ్‌కి తీసుకెళ్ళారు. గైడ్ వెనక పరుగే. నాన్న సగం మెట్లలో ఆగిపోయారు. సరస్సు చూడకుండానే దిగొచ్చాం.

అందుకే శనివారం మళ్ళీ వెళ్ళాం, ఈసారి మా అంతట మేం. ట్రాన్స్‌మిలేనియో సిటీ బస్సులో పోర్తాల్ నోర్తె టెర్మినల్ దాకా, అక్కడినుంచి గ్వాతవీత ఊరికి మామూలు బస్సు. ఊళ్ళో టాక్సీ మాట్లాడుకుని సరస్సుకి. పాత గ్వాతవీత 1967లో తొమినే జలాశయంలో మునిగిపోయింది, ఇప్పుడున్నది కొత్తగా కట్టిన తెల్లటి ఊరు. రాత్రికి అక్కడే ఉన్నాం. ఇంటావిడ నడిపే చిన్న బస, మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చింది అదే. నాన్న మాంసం తినరంటే, కోడి లేకుండా మూడు రకాల బంగాళదుంపలతో అహియాకో సూప్ విడిగా కాచి పెట్టింది.

సరస్సు దగ్గర గైడ్ లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. విదేశీయులకి టికెట్ ఎక్కువ, సోమవారం మూసేస్తారు. మా గైడ్ ముయిస్కా అమ్మాయి. ముందు గుడిసెలో కూర్చోబెట్టి, సరస్సుని అనుమతి అడిగి రమ్మంది. సుమారు 3,000 మీటర్ల ఎత్తు కాబట్టి ఆయాసం వస్తుంది. నాన్న కోసం ప్రతి మలుపులో ఆగింది, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

పైనుంచి చూస్తే ఆకుపచ్చ నీళ్ళు, చుట్టూ గిన్నె అంచులాంటి కొండ. ఆ అంచులో ఒకచోట పెద్ద గండి. 1540ల్లో కెసాదా తమ్ముడు ఎర్నాన్ మనుషుల్ని వరసగా నిలబెట్టి కుండలతో నీళ్ళు తోడించాడు. 1580 ప్రాంతంలో సెపూల్వెదా అనే వ్యాపారి ఈ గండి కొట్టించి, మట్టం 20 మీటర్లు దించాడు. గండి కూలి ఎందరో కూలీలు చనిపోయారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక బ్రిటిష్ కంపెనీ నీళ్ళన్నీ తోడేస్తే, అడుగున మిగిలిన బురద ఎండకి సిమెంటులా గట్టిపడింది. 1965లో ప్రభుత్వం ఇవన్నీ ఆపించింది. "మా వాళ్ళు ఇచ్చేసింది ఎందుకు తీస్తారు?" అని గైడ్ అడిగింది. నాన్న తలూపి, ఆ గండి వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

కిందకి దిగాక చలికి వేడి వేడి అగువా దె పనేలా తాగాం. పనేలా అంటే బెల్లమే. మిరియాలు, యాలకులు లేని పానకం అనుకోండి. పక్కన చీజ్ ముక్క పెడతారు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి బొగొతా చేరాం. నాన్న సామాను కూడా దించకుండా మ్యూజియానికి పదమన్నారు. ఉచితం కాబట్టి క్యూ వీధిలోకి వచ్చింది, గంట నిలబడ్డాం. తెప్ప ముందుకి వెళ్ళాక ఆయన రాజుని చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, చుట్టూ ఉన్న చిన్న మనుషుల్ని ఒక్కొక్కళ్ళనే చూశారు.