హోటల్ కాలిఫోర్నియా: ఈగిల్స్ పాడిందా, జిప్సీ కింగ్స్ పాడిందా?

గిటార్ ఉన్న కుర్రాడు ఒక్కడుంటే చాలు, ఆ హాస్టల్లో ఈ పాట వినిపించేది. నేనూ ముందు ఒక స్నేహితుడి వేళ్ల మీదే విన్నాను, ఆ తర్వాతే క్యాసెట్‌లో. చాలా ఏళ్లకు ఇదే పాట స్పానిష్‌లో, జిప్సీ కింగ్స్ గొంతులో చెవిన పడింది. పల్లవి వచ్చేదాకా గుర్తుపట్టలేకపోయాను. ఆ రోజు నుంచి రెండూ పక్కపక్కనే పెట్టుకుని వింటూనే ఉన్నాను.

ముందు అసలు పాట సంగతి. అమెరికన్ రాక్ బృందం ఈగిల్స్ గిటారిస్టు డాన్ ఫెల్డర్ మాలిబు సముద్రపుటొడ్డున అద్దె ఇంట్లో ఈ ట్యూన్ కట్టి, క్యాసెట్‌లో రికార్డు చేసి బృందానికి ఇచ్చాడు. మాటలు ప్రధానంగా బృందంలోని డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రైలవి. పాడింది హెన్లీ. ఆల్బమ్ 1976 డిసెంబరులో వచ్చింది. 1977 మేలో పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. పేరు కుదరకముందు బృందంలో దీన్ని 'మెక్సికన్ రెగే' అని పిలుచుకునేవారు. అంటే స్పానిష్ గాలి ఈ పాటకు బయటినుంచి వచ్చి తగిలింది కాదు, పుట్టుకలోనే ఉంది.

ఇందులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కార్డుల వరస, అంటే గిటార్ మీద ఒకేసారి మోగించే స్వరాల గుంపుల క్రమం. బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, మళ్లీ ఎఫ్ షార్ప్. ఈ ఎనిమిదీ పూర్తయ్యాక చెవికి తృప్తి ఉండదు. ఎఫ్ షార్ప్ మీద పాట నిలవలేదు, మళ్లీ బి మైనర్‌కే లాక్కుపోతుంది. కథ కూడా అంతే కదా: రాత్రి ఎడారి దారిలో వస్తూ ఒక బాటసారి హోటల్లో దిగుతాడు, ఇక అక్కణ్నుంచి బయటపడలేడు. మాటలు చెప్పే సంగతే కార్డులూ చెబుతున్నాయి. ఆరున్నర నిమిషాల పాటలో చివరి రెండు నిమిషాలకు పైగా గొంతే లేదు. ఫెల్డర్, బృందంలోని మరో గిటారిస్టు జో వాల్ష్ గిటార్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ, తర్వాత జంటగా కలిసి అదే చుట్టులో తిరుగుతుంటాయి. పాటకు ముగింపంటూ ఉండదు, శబ్దం సన్నగిల్లి మాయమవుతుంది. లోపల ఎక్కడో ఇంకా వాయిస్తూనే ఉన్నారనిపిస్తుంది.

ఆ చివరి భాగాన్ని మయామీ స్టూడియోలో అప్పటికప్పుడు తోచినట్టు వాయిద్దామనుకున్నారట. హెన్లీ ఒప్పుకోలేదు, మొదటి క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టే కావాలన్నాడు. ఫెల్డర్ ఇంట్లో పనిచేసే ఆవిడకు ఫోన్ చేసి, క్యాసెట్ పెట్టించి, ఆ శబ్దం విని మళ్లీ నేర్చుకున్నాడు. ఇది ఆయనే చెప్పిన ముచ్చట. ఆ పట్టుదల వల్లే ఇవాళ ఎంతోమంది ఆ గిటార్ సోలోను స్వరం తప్పకుండా గొంతుతో పాడగలుగుతున్నారు.

ఇక జిప్సీ కింగ్స్. వీళ్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్, మోంపెలియే ప్రాంతాల రేయెస్, బలియార్దో కుటుంబాలవాళ్లు. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో అక్కణ్నుంచి తరలివచ్చిన హితానోల, అంటే స్పెయిన్ జిప్సీల వారసులు. ఎలెక్ట్రా రికార్డ్ కంపెనీ తన 40 ఏళ్ల పండగకు 1990లో ఒక సంకలనం తెచ్చింది. కంపెనీ పాత పాటలను కొత్త కళాకారులతో పాడించిన ఆ సంకలనంలోదే ఈ కవర్, అంటే ఈగిల్స్ పాటను జిప్సీ కింగ్స్ తమ తీరులో పాడింది. 1998లో కోయెన్ సోదరుల 'ద బిగ్ లెబౌస్కీ' సినిమాలో బౌలింగ్ సన్నివేశానికి వాడుకున్నాక ఇంకా ఎందరికో తెలిసింది.

మొదలవగానే నైలాన్ తీగల మీద పరుగులు, వెంటనే గుంపుగా రుంబా స్ట్రమ్మింగ్, అంటే నాట్యపు ఊపున్న గిటార్ మీటు. ఈగిల్స్ పాటలో అడుగు తీసి అడుగు వేయడానికి జంకుతున్న నడక ఉంది. ఇక్కడ కాళ్లు వాటంతటవే ఆడతాయి. నాకున్న ఫిర్యాదల్లా ఇదే: భయం పోయింది. తప్పించుకోలేని హోటల్ కాస్తా పెళ్లివారి విడిదిలా వినిపిస్తుంది.

కానీ జిప్సీ కింగ్స్ ప్రధాన గాయకుడు నికొలాస్ రేయెస్ గొంతు ఎత్తగానే ఆ ఫిర్యాదు సగం మరిచిపోతాను. హెన్లీ జరిగింది జరిగినట్టు చెబుతాడు, చల్లగా, కొంచెం ఎడంగా. రేయెస్‌ది బొంగురు గొంతు, ప్రతి పాదం చివరా ఏడుపు అంచుదాకా వెళ్లి వస్తుంది. తరతరాలుగా బళ్ల మీద తిరిగిన జనం, వదిలి వెళ్లలేని ఇంటి గురించి పాడుతున్నారు. ఆ సంగతి తెలిసి వింటే గుండె పట్టేస్తుంది.

మాటల్లో ఒక చిన్న విశేషం. ఇంగ్లీషు చరణంలో 'కొలితాస్' అనే స్పానిష్ మాట ఉంది. చిన్న తోకలని అర్థం, మెక్సికో వాడుకలో గంజాయి మొగ్గలని కూడా అంటారు. ఇంగ్లీషు పాటలో అది అర్థం కాని పరిమళం. స్పానిష్ పాటలో తన భాష మధ్యే ఉంటుంది కనుక ఆ మత్తు తగ్గింది. పల్లవి మాత్రం వాళ్లు ఇంగ్లీషులోనే ఉంచారు, నాకది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. డబ్బింగ్ పాటల్లో పల్లవిని బలవంతంగా భాష మారిస్తే ఏమవుతుందో మనకు బాగా తెలుసు.

1994లో ఈగిల్స్ మళ్లీ కలిసినప్పుడు వాళ్లే నైలాన్ తీగలతో, కాంగా డప్పులతో ఈ పాట వాయించారు. మన దగ్గర చాలామందికి బాగా తెలిసింది ఆ కచేరీ పాటే. రెండిటికీ మధ్య ఏదైనా వినాలంటే అదే వినండి. పాత పాట భయం, రుంబా వెచ్చదనం రెండూ కొంత కొంత అందులో ఉన్నాయి.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు 1976 పాటకే, ఆ చివరి రెండు నిమిషాల కోసం. కవర్‌లో గిటార్ ఎంత వేగంగా, ఎంత అందంగా ఉన్నా, అది కథలో భాగం కాలేదు. అసలు పాటలో గొంతు ఆగిపోయాక కథ చెప్పేది గిటారే. గొంతు మాటకొస్తే మాత్రం రేయెస్‌కే నా ఓటు, ఇందులో నాకు తటపటాయింపు లేదు. గిటార్ నేర్చుకునేవాళ్లు ఎడమచేతికి ఈగిల్స్ కార్డులు పట్టించి, కుడిచేతికి ఆ రుంబా దెబ్బ ఒకసారి అలవాటు చేసి చూడండి. అదే ఎఫ్ షార్ప్ దగ్గర ఈసారి చెయ్యి ఆగనంటుంది.